ఆటగాళ్ల వెన్నుకు చేతి వైద్యం: కైరోప్రాక్టిక్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?



ఈమధ్య మీ ఇంట్లో పిల్లలు ఫోన్లలో ఒక రకం వీడియోలు చూస్తుండటం మీరూ గమనించే ఉంటారు. ఒకతను బల్ల మీద బోర్లా పడుకుని ఉంటాడు. మరొకతను అతని వెన్ను మీద రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపున నొక్కుతాడు. టకటకమని చప్పుడు వస్తుంది. తర్వాత మెడ వంతు. గడ్డం పట్టుకుని తలను ఒక పక్కకు చటుక్కున తిప్పుతాడు. మళ్లీ 'టక్'. పడుకున్నవాడు హాయిగా నిట్టూర్చి లేచి కూర్చుంటాడు. ఈ పద్ధతి పేరే కైరోప్రాక్టిక్. దీన్ని చేసేవారిని కైరోప్రాక్టర్లు అంటారు.

ఇలాంటి చోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. పెద్ద పెద్ద ఆటగాళ్లంతా దీన్నే నమ్ముకున్నారని. ఒలింపిక్ పతకాలు గెలిచినవాళ్లు, కోట్లు సంపాదించేవాళ్లు చేయించుకుంటున్నారంటే అందులో ఏదో మహిమ ఉండి తీరాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే నడుం పట్టేసిన అబ్బా, పేస్ బౌలింగ్ వేసే కొడుకు, కబడ్డీలో భుజం బెణికిన మేనల్లుడు, 'మనమూ ఒకసారి విరిపించుకుంటే పోలా' అని ఆలోచిస్తున్నారు.

ఆటగాళ్లు కైరోప్రాక్టర్ల దగ్గరికి వెళ్లే మాట నిజమే. కానీ వాళ్లు ఎందుకు వెళతారు, వెళ్లినందువల్ల ఏం ఒరుగుతుంది, ఏం ఒరగదు, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది అన్నది తెలియకుండా మీ మెడను ఇంకొకరి చేతికి అప్పగించకూడదు. ఈ వారం ఆ విషయాలే చూద్దాం.

చేతి వైద్యం మనకు కొత్త కాదు

వెన్నును చేత్తో సరిచేయడం అనే ఆలోచన యూనానీ వైద్యం అంత పాతది. బుఖ్రాత్ పేరుతో మనం తలచుకునే హిపోక్రటీస్ కీళ్ల గురించి రాసిన గ్రంథంలో, గూని వెన్నును బల్ల మీద పడుకోబెట్టి లాగే పద్ధతిని వివరించాడు. రోగిని నిచ్చెనకు కట్టి పైనుంచి కిందకు కుదిలించే పద్ధతి గురించి కూడా రాశాడు. ఆ నిచ్చెన వైద్యంతో ఒక్కరి వెన్ను కూడా తిన్నగా కావడం తాను చూడలేదని, జనం నోరెళ్లబెట్టి చూడాలన్న సరదా ఉన్నవాళ్లే అలాంటివి చేస్తారని నిర్మొహమాటంగా అన్నాడు. దాదాపు 2,400 ఏళ్ల కిందటి మాట ఇది. నేటి వీడియోలకూ సరిగ్గా అతుకుతుంది.

జాలీనూస్ అంటే గాలెన్. ఆయనను తొలి క్రీడా వైద్యుల్లో ఒకడని చెప్పవచ్చు. క్రీ.శ. 157లో పెర్గమన్ నగరంలో గ్లాడియేటర్లకు, అంటే కత్తులతో తలపడే యోధులకు, ఆయన వైద్యుడిగా చేరాడు. తర్వాత రోమ్‌లో ఒక పండితుడు చేతివేళ్లు మొద్దుబారాయని వచ్చాడు. అందరూ వేళ్లకే మందు పూస్తున్నారు. గాలెన్ మాత్రం ముందు అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఆ పండితుడు రథం మీద నుంచి పడినప్పుడు మెడ కింద భాగానికి దెబ్బ తగిలిందని తేలింది. వేళ్ల నరాలు మొదలయ్యేది అక్కడే కాబట్టి ఆ చోటే వైద్యం చేసి నయం చేశాడు. నొప్పి ఒకచోట, మూలం ఇంకొకచోట ఉండవచ్చని వైద్యలోకం నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి.

షేఖుర్రయీస్ ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో దల్క్, అంటే మర్దన గురించి ఒక క్రమం చెప్పాడు. గట్టి మర్దన ఒంటిని బిగిస్తుంది, మెత్తని మర్దన సడలిస్తుంది, ఎక్కువసేపు చేస్తే ఒళ్లు తగ్గుతుంది, మితంగా చేస్తే పుష్టి చేకూరుతుంది అన్నాడు. కసరత్తుకు ముందు ఒంటిని సిద్ధం చేసే మర్దనను దల్క్-ఎ-ఇస్తేదాద్ అని, కసరత్తు తర్వాత అలసట తీర్చే మర్దనను దల్క్-ఎ-ఇస్తెర్దాద్ అని విడదీశాడు. ఈనాడు ఆటగాడు మైదానంలోకి దిగే ముందు, వచ్చిన తర్వాత ఫిజియో చేసే పని కూడా ఇంచుమించు ఇదే.

మన ప్రాంతాల్లో పహిల్వాన్ల దగ్గర బెణుకు తీయించుకోవడం, పుత్తూరు కట్టు కట్టించుకోవడం మీకు తెలిసినవే. కాబట్టి చేతి వైద్యం అనగానే మనకు వింత అనిపించదు. కానీ కైరోప్రాక్టిక్ వీటిలో దేని కొనసాగింపూ కాదు. దాని పుట్టుక వేరు.

కైరోప్రాక్టిక్ ఎలా పుట్టింది?

కెనడాలో పుట్టిన డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో అయస్కాంత చికిత్స చేస్తుండేవాడు. 1895 సెప్టెంబరులో హార్వే లిల్లార్డ్ అనే కార్మికుడి వెన్నులో ఒక పూసను నొక్కి సరిచేశానని, దాంతో ఏళ్ల తరబడి ఉన్న చెవుడు పోయిందని ప్రకటించాడు. గ్రీకు భాషలో చెయ్యి, పని అనే అర్థాలిచ్చే రెండు మాటలు కలిపి ఈ పద్ధతికి కైరోప్రాక్టిక్ అని పేరు పెట్టారు. నూటికి 95 జబ్బులకు కారణం పూసలు పక్కకు జరగడమేనని పామర్ 1910 నాటి పుస్తకంలో రాశాడు. ఇలా జరగడానికి ఆయన పెట్టిన పేరు సబ్‌లక్సేషన్.

అమెరికా వైద్యులు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో పామర్‌ను జైల్లో పెట్టారు. అయినా కైరోప్రాక్టర్ల సంఖ్య పెరుగుతూ పోయింది. 1913లో కాన్సాస్‌తో మొదలై 1974లో లూసియానాతో అమెరికా రాష్ట్రాలన్నీ వారికి లైసెన్సులు ఇచ్చే చట్టాలు చేశాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తమను వెలివేస్తోందని కొందరు కైరోప్రాక్టర్లు 1976లో కోర్టుకు వెళ్లగా, 1987లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది.

ఇప్పుడు ఈ వృత్తిలోనే రెండు రకాల వారున్నారు. నడుం నొప్పి, మెడ నొప్పి, కీళ్ల బిగుతు వరకే తమ పని అనేవారు ఒక రకం. అన్ని జబ్బులకూ పూసలే మూలం అని ఇప్పటికీ చెప్పేవారు ఇంకో రకం. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నమోదు చేసే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో ఒక స్పష్టత ఇచ్చింది. సబ్‌లక్సేషన్ అన్నది చరిత్రలోని ఒక భావన మాత్రమేనని, జబ్బులకు అదే కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదని ఆ కౌన్సిలే చెప్పింది. మీ దగ్గరికి వచ్చి 'పూస జరిగింది, అందుకే మీకు షుగరు, ఆస్తమా' అని ఎవరైనా అంటే, ఆ మాటను ఆ వృత్తి పెద్దలే ఒప్పుకోవడం లేదని గుర్తుంచుకోండి.

ఆట మైదానంలోకి ఎలా వచ్చింది?

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కు ఆంటిగ్వా జట్టుతో లీరాయ్ పెర్రీ అనే కైరోప్రాక్టర్ వెళ్లాడు. 1980లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా వైద్య బృందంలో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్‌కు చోటు దొరికింది. 2010 వాంకూవర్, 2012 లండన్ ఒలింపిక్ గ్రామాల పాలీక్లినిక్‌లలో డాక్టర్లు, ఫిజియోలతో పాటు కైరోప్రాక్టర్లు కూడా పనిచేశారు.

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో ఈ అలవాటు మరీ ఎక్కువ. అక్కడి జట్ల ట్రైనర్లను అడిగి 2002లో ప్రచురించిన ఒక సర్వే ప్రకారం 31 శాతం జట్లకు అధికారికంగా కైరోప్రాక్టర్ ఉన్నాడు. ఆటగాళ్లను ఎప్పుడో ఒకప్పుడు కైరోప్రాక్టర్ దగ్గరికి పంపిన ట్రైనర్లు 77 శాతం. అలా పంపడానికి కారణాల్లో మొదటిది నడుం నొప్పి. ఆ లీగ్‌లో 20 సీజన్లు ఆడిన జెర్రీ రైస్ తర్వాతి కాలంలో కైరోప్రాక్టర్ల ప్రచార సంస్థకు ప్రతినిధిగా నిలిచాడు. ప్రచారంలో చెప్పే అనుభవం అబద్ధం కాకపోవచ్చు. అంతమాత్రాన అది పరిశోధనతో సమానమూ కాదు. సబ్బు ప్రకటనలో సినిమా నటిని చూసినట్టే దాన్నీ చూడాలి.

ఆటగాళ్లు ఎందుకు వెళతారు?

దీనికి నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, వాళ్ల ఒంటి మీద పడే భారం. వారానికో మ్యాచ్‌లో ఢీకొట్టుకునేవాడికి, రోజుకు వందల సార్లు ఒకే పక్కకు నడుం తిప్పి గోల్ఫ్ కర్ర ఊపేవాడికి వెన్ను కీళ్లు, కండరాలు బిగుసుకుపోవడం మామూలే.

రెండోది, మందుల నిబంధనలు. నొప్పి తగ్గించే మందులన్నీ ఆటగాడు వాడుకోవడానికి లేదు. పోటీ సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లను 2022 జనవరి నుంచి, ట్రమడాల్ మాత్రను 2024 జనవరి నుంచి డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధించింది. చేతి వైద్యానికి అలాంటి నిషేధం లేదు.

మూడోది, ఉపశమనం వెంటనే దొరకడం. అది కొన్ని గంటలే ఉన్నా, రేపటి ఆట ఆడగలిగితే వాళ్లకు అదే పదివేలు.

నాలుగోది మనసు. పెద్ద పోటీకి ముందు 'నా ఒళ్లు సిద్ధంగా ఉంది' అన్న నమ్మకం ఆటగాడికి చాలా అవసరం. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద గుండ్రటి ఎర్రని మచ్చలు ప్రపంచమంతా చూసింది. అది మన హిజామాకు దగ్గరి పద్ధతి, నెత్తురు తీయకుండా కప్పులు పెట్టేది. ఆ ఫొటోలు చూసి మనలో చాలామంది సంతోషించారు కూడా. కానీ ఫెల్ప్స్ పతకాలు కప్పుల వల్ల రాలేదు, చిన్ననాటి నుంచి ఈదిన ఈతవల్ల వచ్చాయి. పరాయి వైద్యానికి పెట్టే గీటురాయినే మన వైద్యానికీ పెట్టుకోవాలి. అప్పుడే మన మాటకు విలువ.

ఒక తేడా మరిచిపోవద్దు. పెద్ద ఆటగాడి వెన్ను మీద కైరోప్రాక్టర్ చెయ్యి వేసే నాటికి జట్టు డాక్టరు అతన్ని పరీక్షించి ఉంటాడు. ఎం.ఆర్.ఐ. తీసి ఉంటారు. పక్కనే ఫిజియో, ట్రైనర్ ఉంటారు. వీధి చివర బోర్డు చూసి లోపలికి వెళ్లే మనకు ఆ రక్షణ ఏదీ లేదు.

ఆ 'టక్' చప్పుడు ఎక్కడిది?

ఎముక తన చోటికి తిరిగి వెళ్లిన చప్పుడు అది అని చాలామంది అనుకుంటారు. కాదు. మీరు మెటికలు విరుచుకుంటే వచ్చే చప్పుడు, ఇదీ ఒకటే. కీలు లోపల నూనె లాంటి ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి ఆ ద్రవంలో వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో మెటిక విరుస్తుండగా ఎం.ఆర్.ఐ. తీసి దీన్ని చూపించారు.

మరి హాయిగా ఎందుకు ఉంటుంది? కీలు చటుక్కున సాగినప్పుడు చుట్టూ ఉన్న నరాలకు కొత్త సంకేతాలు అందుతాయి. బిగుసుకున్న కండరం కాసేపు సడలుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది. ఇది ఉపశమనం. లోపలి దెబ్బ మానిందని దీని అర్థం కాదు. చప్పుడు గట్టిగా వస్తే వైద్యం బాగా జరిగినట్టు, రాకపోతే జరగనట్టు అనుకోవడమూ సరికాదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

కొత్తగా వచ్చిన నడుం నొప్పికి వెన్నును చేత్తో సవరించే చికిత్స మీద జరిగిన 26 పరీక్షలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో వచ్చింది. 100 మార్కుల కొలతలో నొప్పి సుమారు 10 మార్కులు తగ్గిందని, ఈ మేలు ఆరు వారాల లోపు కనిపించిందని అందులో తేలింది. అంటే మేలు ఉంది, కానీ కొద్దిపాటిదే. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద 47 పరీక్షలు, 9 వేలకు పైగా రోగుల వివరాలు చూసిన మరో సమీక్ష 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వ్యాయామం వంటి ఇతర సిఫార్సు చేసిన చికిత్సలతో ఇది సమానమేనని, మించినది కాదని ఆ సమీక్ష చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం, మర్దన, వెన్ను సవరణ వంటివి వాడవచ్చని అంది. నడుముకు బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడవద్దని అంది. మన ఇళ్లలో నెలల తరబడి బెల్టు కట్టుకుని తిరిగేవాళ్లు ఈ మాట గమనించాలి.

ఇక ఆటగాళ్ల సంగతి. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడే 59 మందితో చేసిన పరీక్ష 2010లో ప్రచురితమైంది. మామూలు వైద్య సేవలకు తోడు కైరోప్రాక్టిక్ కూడా అందుకున్న ఆటగాళ్లలో కాలి కండరాల బెణుకులు తగ్గాయి. తొడ వెనక కండరం గాయాలు కూడా తక్కువగానే కనిపించాయి, కానీ ఆ తేడాను గట్టిగా చెప్పగలిగేంత బలం లెక్కలకు లేదు. మోకాలి గాయాల సంఖ్యలోనూ గట్టిగా చెప్పగలిగేంత తేడా తేలలేదు. పైగా వీళ్లకు చేసింది వెన్ను విరవడం ఒక్కటే కాదు, కండరాలకు మర్దన వంటివీ ఉన్నాయి. అందుకని ఫలితం దేనివల్ల అని విడదీయలేం.

'ఆట మెరుగవుతుంది' అన్నది మరో ప్రచారం. బ్రెజిల్‌లో 18 మంది జూడో ఆటగాళ్ల మీద చేసిన చిన్న పరీక్షలో మెడ సవరణ తర్వాత చేతి పట్టు బలం పెరిగిందని 2012లో రాశారు. అయితే ఇలాంటి పరీక్షల్లో నాణ్యమైనవాటిని ఏరి చూసిన 2019 నాటి సమీక్ష ఏం చెప్పిందంటే, నొప్పి లేని ఆరోగ్యవంతులకు వెన్ను సవరిస్తే, ఉత్తుత్తి సవరణతో పోల్చినప్పుడు సామర్థ్యం పెరిగినట్టు ఆధారం లేదు. ఆ సమీక్ష వచ్చింది కైరోప్రాక్టర్ల సొంత రంగానికి చెందిన పత్రికలోనే.

కాబట్టి నొప్పి లేని మీ అబ్బాయిని 'బాగా పరుగెత్తుతాడు' అని వెన్ను విరిపించడానికి తీసుకెళ్లనవసరం లేదు.

ఇద్దరు ఆటగాళ్ల కథ

గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్ వెన్ను కథ అందరూ తెలుసుకోదగ్గది. 2014 మార్చిలో నడుములోని డిస్క్‌కు మొదటి ఆపరేషన్ జరిగింది. ఆగస్టులో ఆట మధ్యలో నడుం పట్టేసి తప్పుకున్నాడు. మూడు రోజులకే తిరిగొచ్చి, నడుం కింది త్రికాస్థి పక్కకు జరిగిందని, ఫిజియో దాన్ని మళ్లీ లోపలికి పెట్టాడని విలేకరులకు చెప్పాడు. నొప్పి తగ్గింది, ఆడాడు. కానీ ఆ టోర్నీ సగంలోనే ఇంటిదారి పట్టాడు, ఆ సీజన్ అక్కడితో ముగిసింది. 2015లో వెన్నుకు మరో రెండు ఆపరేషన్లు. 2017 ఏప్రిల్‌లో రెండు పూసలను కలిపి అతికించే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత నెలల తరబడి ఓపికగా కోలుకుని 2019 ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచాడు. అక్కడితోనూ కథ ముగియలేదు, తర్వాతి ఏళ్లలో మళ్లీ ఆపరేషన్లు తప్పలేదు. త్రికాస్థి అన్నది గట్టి బంధనాలతో కటి ఎముకలకు బిగిసి ఉండే ఎముక. అది తలుపు గడియలా ఊడి, మళ్లీ పడేది కాదు. 'పూస పక్కకు జరిగింది, పెట్టేశాం' అనే మాట విన్నప్పుడల్లా ఈ కథ గుర్తుచేసుకోండి.

రెండో కథ మన జస్‌ప్రీత్ బుమ్రాది. 2019లో నడుములో ఎముక సన్నగా బీటవేసింది. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. అదే నడుం 2022లో మళ్లీ ఇబ్బంది పెట్టడంతో ఆ ఏటి టి20 ప్రపంచ కప్‌కు దూరమయ్యాడు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆగస్టులో తిరిగి ఆడాడు. 2024 టి20 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అతనికి పనిచేసింది సరైన పరీక్ష, విశ్రాంతి, ఆపరేషన్, తర్వాత క్రమమైన కసరత్తు. బీటవేసిన ఎముకను ఎవరైనా చేత్తో విరిస్తే ఏమయ్యేదో ఊహించండి.

పేస్ బౌలింగ్ వేసే కుర్రాళ్లలో ఈ బీట తరచుగా వస్తుంది. మీ అబ్బాయికి నడుములో ఒక పక్క నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ కావడం, బౌలింగ్ వేస్తే పెరిగి విశ్రాంతితో తగ్గడం ఉంటే ముందు బంతి పక్కన పెట్టించండి. ఎముకల డాక్టరుకు చూపించండి. పహిల్వాన్ దగ్గరికీ వద్దు, కైరోప్రాక్టర్ దగ్గరికీ వద్దు.

మెడ విషయంలో మరీ జాగ్రత్త

నడుం వేరు, మెడ వేరు. మెదడు వెనక భాగానికి నెత్తురు తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండా వెళతాయి. మెడను చటుక్కున తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగితే అక్కడ నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. అదే పక్షవాతం.

ఇది అరుదు. చిరుగు ముందే మొదలై, ఆ నొప్పితోనే కొందరు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళుతుండవచ్చని కెనడాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనం సూచించింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన ప్రకటన కూడా మెడ సవరణే కారణమని రుజువు కాలేదంటూనే, ఈ రెంటికీ సంబంధం కనిపిస్తోంది కాబట్టి చేసే ముందు రోగికి ఆ ప్రమాదం చెప్పాలని అంది. అరుదైనదే అయినా పోయేది కాలూ చెయ్యీ, ఒక్కోసారి ప్రాణం. పైగా మెడ నొప్పి తగ్గడానికి కసరత్తు, కాపడం, మెత్తని మర్దన వంటి ప్రమాదం లేని దారులు ఉన్నాయి.

ఈ సందర్భంగా ఇంకొక మాట. సెలూన్‌లో గడ్డం చేశాక తల అటూ ఇటూ తిప్పి 'టక్'మనిపించడం మనవాళ్లకు మహా సరదా. 2024లో కర్ణాటకలో ఒక యువకుడికి ఇలా మెడ తిప్పించుకున్నాక పక్షవాతం వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. మంగలి సోదరుడికి 'మెడ వద్దు బాబూ' అని ముందే చెప్పండి. పిల్లలకూ చెప్పండి.

మెడ తిప్పించుకున్న తర్వాత ఎప్పుడూ లేనంత తలనొప్పి, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, నడక తూలడం, ముఖం ఒక పక్క మొద్దుబారడం వస్తే కాసేపు చూద్దామని ఇంట్లో ఉండకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. పక్షవాతంలో ప్రతి నిమిషమూ విలువైనదే.

ఎవరు అసలు చేయించుకోకూడదు?

ఈ కింది లక్షణాలు ఉన్నవారు వెన్ను విరిపించుకునే ఆలోచనే పెట్టుకోకూడదు. ముందు డాక్టరును కలవాలి.

• నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం. మన దేశంలో వెన్నెముకకు క్షయ రావడం అరుదేమీ కాదు. క్షయతో మెత్తబడిన పూసను నొక్కితే కాళ్లు పడిపోవచ్చు.

• ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు, ముఖ్యంగా దాదీ, నానీ వయసు స్త్రీలు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు.

• గతంలో క్యాన్సర్ వచ్చినవారు.

• పడటం వల్ల, బండి ప్రమాదం వల్ల నొప్పి మొదలైనవారు.

• నెత్తురు పలచబడే మందులు వాడుతున్నవారు.

• కాలులో బలం తగ్గుతున్నవారు, పాదం జారిపోతున్నవారు.

• మూత్రం, మలం పట్టు తప్పినవారు, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినవారు. ఇది డిస్క్ నరాల కట్టను నొక్కుతున్న సూచన. అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

వెళ్లాలనుకుంటే ఏం అడగాలి?

అమెరికాలో కైరోప్రాక్టర్ కావాలంటే మామూలు కళాశాల చదువు తర్వాత సుమారు నాలుగేళ్లు ప్రత్యేకంగా చదవాలి, లైసెన్సు పరీక్షలు రాయాలి. మన దేశంలో కైరోప్రాక్టర్లను నమోదు చేసే ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి బోర్డు చూసి నమ్మడం కుదరదు. ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి.

మీరు ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు? నా నొప్పికి కారణం ఏమనుకుంటున్నారు? ఏ పరీక్ష చేసి అలా అనుకున్నారు? మెడ జోలికి వెళ్లకుండా చేయగలరా? ఎన్నిసార్లు రావాలి, తగ్గకపోతే ఎప్పుడు ఆపుతారు?

జవాబు చెప్పడానికి విసుక్కుంటే లేచి వచ్చేయండి. మొదటి రోజే పాతిక సార్లకు డబ్బు కట్టమన్నా, అందరికీ ఎక్స్‌రే తప్పనిసరి అన్నా, షుగరు మందు ఆపేయమన్నా, పసిపిల్లల వెన్ను కూడా విరుస్తామన్నా లేచి వచ్చేయండి. నాలుగైదు సార్లకు తేడా కనిపించకపోతే ఆపడమే మంచిది.

మరి నడుం పట్టేస్తే ఏం చేయాలి?

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే 13 మందిలో ఒకరు. పైన చెప్పిన ప్రమాద సూచనలు లేని కొత్త నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది.

మంచం పట్టవద్దు. ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తడం, ఆట ఆపండి గానీ ఇంట్లో నెమ్మదిగా నడుస్తూ ఉండండి. వేడి కాపడం పెట్టండి. రోగన్ బాబూనా గానీ, గోరువెచ్చని నువ్వుల నూనె గానీ రాసి మెత్తగా మర్దన చేయించుకోవచ్చు. షేఖుర్రయీస్ చెప్పినట్టు బిగిసిన ఒంటికి కావలసింది మెత్తని దల్క్, మోచేత్తో పొడిచే గట్టి దల్క్ కాదు. ఎముక మీద కాకుండా పక్కనున్న కండరాల మీదే చేయాలి. నొప్పి తగ్గాక రియాజత్, అంటే కసరత్తు మొదలుపెట్టండి. పొట్ట, నడుం, పిరుదుల కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తాయి.

యూనానీలో ఈ విభాగాన్ని ఇలాజ్ బిత్ తద్బీర్ అంటారు. బెంగళూరులోని జాతీయ యూనానీ వైద్య సంస్థలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. హకీం దగ్గరికి వెళ్లినా పై ప్రమాద సూచనలు ఏవైనా ఉంటే దాచకుండా చెప్పండి. మంచి హకీం ఆ మాట వినగానే ఎం.ఆర్.ఐ.కి పంపుతాడు.

ఆటగాళ్లను చూసి నేర్చుకోవద్దని చెప్పడం లేదు. నేర్చుకోండి. కానీ వాళ్లు బల్ల మీద పడుకున్న ఆ ఐదు నిమిషాలను కాదు. ఆటకు ముందు ఒంటిని వేడెక్కించుకోవడం, ఆట తర్వాత చల్లబరచుకోవడం, వేళకు నిద్ర, రోజూ తప్పని కసరత్తు, గాయమైతే డాక్టరు మాట వినడం నేర్చుకోండి. ఇవి ఎవరి వీడియోలోనూ చప్పుడు చేయవు. వెన్నును ఏళ్ల తరబడి నిలబెట్టేవి మాత్రం ఇవే.